నువ్వుల దిగుబడి, పోషకాలు: విశాఖ వైపు రైతులూ కొనేవాళ్ళూ తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో గానుగ నడిపే మాకు రెండు వైపుల నుంచీ ప్రశ్నలు వస్తాయి. పద్మనాభం, ఆనందపురం, యలమంచిలి వైపు నుంచి బస్తాలు తెచ్చే రైతులకి ఎకరాకి ఎన్ని కిలోలు, ఏ రకం వెయ్యాలి అన్నదే బెంగ. నూనె కోసం, చిమ్మిలి కోసం వచ్చే పట్నం వాళ్ళకి కాల్షియం ఎంత, నల్లవి మంచివా తెల్లవి మంచివా అన్న సందేహాలు. ఇద్దరూ అడిగేది ఒకే గింజ గురించి కాబట్టి జవాబులన్నీ ఒకే చోట పెట్టాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. దిగుబడి దగ్గర రకం కంటే ముందు చూడవలసినవి నీరు, కోత. పోషకాల దగ్గర రకం కంటే ముందు చూడవలసింది పొట్టు. రకానికి విలువ లేదని కాదు, దాని మీద అందరూ పెట్టుకునే ఆశ మరీ ఎక్కువ.

నువ్వులంటే నువ్వులే కదా, రకాన్ని బట్టి అంత తేడా వస్తుందా?

వస్తుంది. పంటకాలం, గింజ రంగు, కొమ్మలు వేసే తీరు, తెగుళ్ళని ఎంతవరకు ఓర్చుకుంటుంది అన్నవి రకంతోనే వస్తాయి. నూనె శాతం కూడా రకాన్ని బట్టి మారుతుంది. నూనె కంపు పట్టకుండా కాపాడే సెసమిన్ లాంటి లిగ్నాన్లు అనే పదార్థాలయితే ఒక రకానికీ ఇంకో రకానికీ చాలా తేడాగా ఉంటాయి. అయితే ఒకే రకాన్ని ఒక ఏడు గరువు నేలలో వానకి, మరో ఏడు వరి కోసిన మడిలో తడులు పెట్టి వేసి చూడండి. గింజ బరువు, రంగు, నూనె అన్నీ మారతాయి. రకం పేరు చెప్పి పోషకాలు ఇంతింత అని ఒక అంకె పలకడం అందుకే కుదరదు.

మన వైపు ఏ రకాలు వేస్తారు?

నువ్వుల విషయంలో మనకి అదృష్టం ఇంటి పక్కనే ఉంది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పరిశోధన స్థానం యలమంచిలిలో ఉంది. 2022లో జిల్లాలు విడిపోయాక అది అనకాపల్లి జిల్లా కిందికి వెళ్ళిందిగానీ ఉత్తరాంధ్ర నువ్వు రైతుకి పెద్ద దిక్కు ఇప్పటికీ అదే. యలమంచిలి 11 అంటే వరాహ, యలమంచిలి 17 అంటే గౌతమ, యలమంచిలి 66 అంటే శారద. ఇవన్నీ 75 నుంచి 85 రోజుల లోపు చేతికొచ్చే గోధుమ రంగు రకాలు. పాతవాటిలో గౌరి కాస్త ఎక్కువ కాలం, దాదాపు 90 రోజులు ఉంటుంది. మాధవి తొందరగా, 75 రోజుల్లోపే తెమిలిపోతుంది. తెల్ల గింజ కావాలనేవాళ్ళు శ్వేత, హిమ వేస్తారు. అవి జగిత్యాల నుంచి వచ్చిన రకాలు.

ఎంచుకునేటప్పుడు ముందు మీ దగ్గర ఎన్ని రోజులున్నాయో చూసుకోండి. మే నెలలో వేసి తర్వాత అదే నేలలో ఇంకో పంట పెట్టాలనుకుంటే వారం పది రోజుల తేడా కూడా పెద్ద తేడానే. రంగు తర్వాత చూడొచ్చు. విత్తనం ఎక్కడ దొరుకుతుందో మీ రైతు సేవా కేంద్రంలో కనుక్కోండి.

ఎప్పుడు వేస్తే మంచిది?

మన వైపు రెండు కాలాలు. ఒకటి, మే నెలలో తొలకరికి ముందు పడే వానల పదునుకి మెట్ట నేలలో వేసేది. రెండోది, వరి కోశాక డిసెంబరు, జనవరి నెలల్లో తడి ఉన్నచోట వేసే వేసవి పంట.

మే పంటకి పెట్టుబడి తక్కువ, కానీ కోత జూలై, ఆగస్టు వానల్లో పడుతుంది. కాయ తడిసి ఆరి మళ్ళీ తడిస్తే గింజ రంగు పోతుంది, మసక బారుతుంది. వేసవి పంటకి నీళ్ళు పెట్టుకోవాలిగానీ పూత మీద వాన ఉండదు, తెగుళ్ళు తక్కువ, కోతకి ఎండ దొరుకుతుంది. మా దగ్గరికి వచ్చే సరుకులో ఏప్రిల్ గింజని చేత్తో తీసుకుంటేనే తెలిసిపోతుంది. నిండుగా, మెరుస్తూ, అరచేతిలో జారిపోతూ ఉంటుంది. ధర కూడా దానికి తగ్గట్టే పలుకుతుంది.

ఇంకో సంగతి. నువ్వు పగటి పొద్దుని పట్టి పూతకి వచ్చే మొక్క, పొద్దు తగ్గితే తొందరగా పూస్తుంది. విశాఖలో జూన్‌లో పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబరులో 11 గంటల పైచిలుకు. ఎక్కడో ఉత్తరాన పొడుగు పగళ్ళకి అలవాటుపడ్డ విత్తనం తెచ్చి ఇక్కడ వేస్తే ఒళ్ళు పెరగకముందే పూత పెట్టేస్తుంది, కాయలు నాలుగే కాస్తాయి. ఇంటర్నెట్‌లో దిగుబడి బాగుందని చూసి పరాయి విత్తనం తెప్పించుకునేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఒకే విత్తనం, పక్కపక్క చేలు. వాడికి రెండు బస్తాలు ఎక్కువెందుకు వచ్చాయి?

రైతులు మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఇదే. లెక్క వేసి చూద్దాం. వరసల మధ్య 30 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 15 సెంటీమీటర్లు ఉంటే ఎకరాకి ఇంచుమించు 90 వేల మొక్కలు. మొక్కకి 40 కాయలు, కాయకి 55 గింజలు, వెయ్యి గింజల బరువు 3 గ్రాములు అనుకోండి. గుణిస్తే 590 కిలోలు దాటుతుంది. అంత పండించిన రైతు మా గానుగ గడప ఇంతవరకూ తొక్కలేదు. దేశం మొత్తం మీద సగటు హెక్టారుకి అర టన్ను దరిదాపుల్లో, అంటే ఎకరాకి 200 కిలోలు. మిగతాది ఎక్కడ పోయిందో వెతికితే మీ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

మొదట పోయేది ఒత్తు దగ్గర. ఎకరాకి రెండున్నర కిలోల విత్తనం చల్లితే అందులో 8 లక్షల పైచిలుకు గింజలుంటాయి, మనకి కావలసిన మొక్కలు 90 వేలు. విత్తనానికి మూడింతల ఇసుక కలిపి చల్లమనేది గింజ ఒకేచోట పడకుండా ఉండడానికి. అయినా గుంపులుగా మొలుస్తాయి. పదిహేను రోజులకల్లా పలుచన చెయ్యకపోతే మొక్కలు సన్నగా సాగిపోయి, కొమ్మ వెయ్యక, కొసన నాలుగు కాయలతో ఊరుకుంటాయి. ఈ పనికి కూలి దండగనుకుని వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఆ కూలి డబ్బులకి మించిన గింజ అక్కడే పోతుంది.

రెండోది నీరు నిలవడం. నువ్వు బెట్టకి ఓరుస్తుంది, మురుగుకి ఓర్చదు. ఒకటి రెండు రోజులు వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే చాలు, ఆకులు పసుపెక్కి మొక్క తలవాల్చేస్తుంది. వేరుకుళ్ళు, కాండం కుళ్ళు అందుకునేదీ అప్పుడే. పక్క చేనుకి రెండు బస్తాలు ఎక్కువ వచ్చాయంటే ముందు ఆ చేను వాలు చూడండి. చాలాసార్లు అది జానెడు ఎత్తులో ఉంటుంది, లేదా ఆయన వాన రాకముందే కాలవ తీసి ఉంటాడు.

మూడోది బెట్ట. పూత, కాయ పట్టే వేళ, అంటే ఇంచుమించు 35వ రోజు నుంచి 60వ రోజు దాకా తడి లేకపోతే పూత రాలుతుంది, పట్టిన కాయలో గింజ తాలుపోతుంది. నీళ్ళు తక్కువున్న రైతు ఒక్క తడే పెట్టగలిగితే దాన్ని ఈ రోజుల కోసం దాచుకోవాలి. 40 డిగ్రీలు దాటే ఎండలో పూత ఉన్నా కాయ సరిగా కట్టదు. జనవరి దాటి ఆలస్యంగా వేసిన వేసవి పంట దెబ్బతినేది ఇక్కడే.

ఇక పురుగులు, తెగుళ్ళు. ఆకులు ముడిచి లోపల తినే పురుగు తర్వాత కాయని కూడా తొలుస్తుంది. కోడు ఈగ మొగ్గని బుడిపెలా చేసి పువ్వు కాకుండా చేస్తుంది. వెర్రి తెగులు వస్తే పువ్వులన్నీ ఆకుపచ్చ ఆకుల గుత్తులైపోతాయి, ఆ మొక్క ఎంత ఏపుగా ఉన్నా ఒక్క గింజ రాదు. దాన్ని పచ్చదోమ అనే రసం పీల్చే పురుగు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మోస్తుంది కాబట్టి కనబడగానే పీకి బయట పారెయ్యాలి. ఆకుపచ్చగా ఉందని జాలిపడితే చేనంతా అంటిస్తుంది.

కోత ఎప్పుడు కొయ్యాలి? ఆలస్యమైతే ఏమవుతుంది?

ఆలస్యమైతే పండిన పంట నేలపాలవుతుంది. నువ్వు కాయని ఒకసారి దగ్గరగా చూడండి. కాండానికి ఆనుకుని, కొన పైకి పెట్టి నిలబడి ఉంటుంది. ఆరగానే కొన వైపు నుంచి గోళ్ళతో చీల్చినట్టు విచ్చుకుంటుంది. లోపల గింజలు దొంతరగా పేర్చినట్టు ఉంటాయి. కాయ నిటారుగా ఉన్నంతసేపూ ఏమీ కాదు. గాలికి మొక్క వంగినా, కొడవలి పట్టినవాళ్ళ చెయ్యి తగిలినా గింజంతా జలజలా రాలిపోతుంది.

కష్టమేమిటంటే మొక్క అంతా ఒకేసారి పండదు. అడుగున కాయ విచ్చుకునే రోజుకి కొసన ఇంకా పూత ఉంటుంది. పైకాయల కోసం ఆగితే కింది కాయల్లో గింజ పోతుంది, ఆ కింది గింజే బరువైనది. కింది ఆకులు రాలి, కాండం, కాయలు నిమ్మపండు రంగుకి తిరిగి, నాలుగింట మూడొంతుల కాయలు పసుపెక్కితే ఇక ఆగకండి. కొసన పచ్చికాయలు పోతే పోనివ్వండి.

కోసిన కట్టల్ని కొసలు పైకి ఉండేట్టు ఒకదానికొకటి చేరవేసి నిలబెట్టాలి. మూడు నాలుగు రోజులు ఎండాక టార్పాలిన్ మీద తలకిందులు చేసి కర్రతో తడితే గింజ దిగుతుంది. మళ్ళీ రెండు రోజులు ఆరబెట్టి మరోసారి దులపాలి. మట్టి కళ్ళం మీద కొడితే గింజతో పాటు ఇసుకా వస్తుంది, ఆ ఇసుక మా గానుగ రోటిని అరగదీస్తుంది. మేం ధర తగ్గించేది అందుకే, పిసినారితనం అనుకోకండి.

కాయ విచ్చుకోని నువ్వు లేదా అని కొందరు అడుగుతారు. ఉంది. 1943లో వెనిజులాలో లాంగ్హామ్ అనే శాస్త్రవేత్తకి అలాంటి మొక్క దొరికింది. కానీ ఆ కాయ అంత సులువుగా గింజని వదలదు, నూర్చడమే కష్టమైంది. అమెరికాలో యంత్రంతో కోసే రకాలు తర్వాత వచ్చాయి. మన చేలల్లో ఉన్నవన్నీ విచ్చుకునేవే.

యూరియా కాస్త ఎక్కువ వేస్తే గింజ పెరుగుతుందా?

ఆకు పెరుగుతుంది. గింజలో మాంసకృత్తులు కొద్దిగా పెరుగుతాయి, ఆ మేరకు నూనె తగ్గుతుంది. నూనెగింజల్లో ఈ రెండూ ఒకటి ఎక్కితే ఒకటి దిగుతాయి. పైగా మొక్క మెత్తబడి గాలికి పడిపోతుంది, పురుగుకి ఇష్టమవుతుంది. గానుగకి అమ్ముకునే రైతు నత్రజని మీద ఎక్కువ ఖర్చు పెట్టడంలో అర్థం లేదు.

నూనె కావాలంటే గంధకం సంగతి చూడండి. ఏటా డి.ఎ.పి., యూరియా మాత్రమే పడే నేలల్లో గంధకం కరువవుతుంది. భాస్వరాన్ని సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రూపంలో వేస్తే అందులో 11 శాతం వరకు గంధకం కూడా వస్తుంది, విడిగా కొనక్కర్లేదు. మోతాదు మట్టి పరీక్ష చెబుతుంది.

నల్ల నువ్వులు మంచివా, తెల్లవా?

రంగు పొట్టుది. పొట్టు తీస్తే ఏ నువ్వయినా లోపల మీగడ రంగు పప్పే. నల్లవాటికి సాధారణంగా పొట్టు కాస్త మందం, పీచు, కాల్షియం, ముదురు రంగునిచ్చే పాలీఫినాల్స్ ఎక్కువ. తెల్లవాటిలో నూనె కొంచెం ఎక్కువ ఉండడం మామూలు, కానీ మినహాయింపులు బోలెడు. గోధుమ రంగువి ఈ రెంటి మధ్య.

పొట్టుతో తినేటట్టయితే నల్లవాటికి కాస్త మొగ్గు ఇవ్వొచ్చు. నువ్వుపప్పు చేసుకునేవాళ్ళు నల్లవాటికి ఎక్కువ డబ్బు పెట్టడం మాత్రం దండగ, ఆ డబ్బు పొట్టుతో పాటు నీళ్ళలో పోతుంది. పితృకార్యాలకీ, శనివారం దానాలకీ నల్లవే కావాలి, ఆ లెక్క వేరు.

నువ్వుల్లో కాల్షియం ఎంత? ఒక్కోచోట ఒక్కో అంకె చెబుతున్నారేం?

మంచి ప్రశ్న, దీని దగ్గర కాసేపు ఆగాలి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో 100 గ్రాముల నువ్వులకి 1,450 మిల్లీగ్రాములు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో పొట్టు తియ్యని గింజకి 975. పొట్టు తీసినదానికి అదే అమెరికా పట్టికలో 60. మూడూ నువ్వులే.

మొదటి రెండింటి మధ్య తేడాని రకం, నేల, వాతావరణం, పరీక్ష చేసిన తీరు అన్నీ కలిసి తెచ్చాయి. గింజ సన్నగా ఉంటే బరువులో పొట్టు వాటా పెరుగుతుంది, కాబట్టి బెట్టలో పండిన సన్నగింజలో నూనె తగ్గి కాల్షియం, పీచు ఎక్కువ కనబడడంలో ఆశ్చర్యం లేదు. రైతుకి నష్టం తెచ్చిన కాలమే పట్టికలో అంకెని పెంచుతుందన్నమాట. ఇనుము దగ్గర ఇంకో చిక్కుంది. మన పట్టికలో 9.3, అమెరికా పట్టికలో 14.6 మిల్లీగ్రాములు. గింజకి అంటిన మట్టి పూర్తిగా పోకపోతే ఆ మట్టిలోని ఇనుము కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. పరీక్షలు చేసేవాళ్ళందరికీ తెలిసిన తలనొప్పి ఇది.

కానీ 975 నుంచి 60కి పడిపోవడం ఏ రకమూ, ఏ నేలా చెయ్యలేని పని. కాల్షియం దాదాపు అంతా పొట్టులో ఉంది, పొట్టు తీసేస్తే అది పోతుంది. అదే సమయంలో నూనె 50 నుంచి 61 శాతానికీ, మాంసకృత్తులు 18 నుంచి 20కి పైగానూ ఎక్కుతాయి. కొత్తగా ఏమీ చేరలేదు, పొట్టు బరువు పోయినందుకు మిగిలినదాని వాటా పెరిగింది, అంతే.

మరి పొట్టుతో తింటే సమస్య తీరిందా అంటే, సగమే. పొట్టులోని కాల్షియం చాలావరకు ఆక్సలేట్ అనే పదార్థంతో ముడిపడి ఉంటుంది, ఒంటికి పట్టేది తక్కువ. ఒక పెద్ద చెంచా నువ్వులు 9 గ్రాములు. ఏ పట్టిక చూసినా అది 90 నుంచి 130 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకి రోజుకి 1,000 కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. పాలు మానేసి నువ్వులు తినమని మేం ఎవరికీ చెప్పం. కిడ్నీలో రాళ్ళు ఉన్నవాళ్ళు పొట్టు నువ్వుల గురించి డాక్టరుని అడిగి తీరాలి.

నువ్వుల నూనెలో కాల్షియం ఉంటుందా?

ఉండదు. మాంసకృత్తులు కూడా ఉండవు. నూనె అంటే కొవ్వు, దానితో పాటు వచ్చే విటమిన్ ఇ, లిగ్నాన్లు. ఎముకల బలానికని నువ్వుల నూనె కొనేవాళ్ళకి మేం చిమ్మిలి చేసుకోమనే చెబుతాం, మా అమ్మకం తగ్గినా సరే.

ఎండని బట్టి నూనె గుణం మారుతుందా?

మారుతుంది. నువ్వుల నూనెలో ఒలీయిక్, లినోలీయిక్ అనే కొవ్వు ఆమ్లాలు దాదాపు సమ ఉజ్జీలు, ఒక్కొక్కటి 40 శాతం అటూ ఇటూ. గింజ నిండే రోజుల్లో వేడి ఎక్కువైతే ఒలీయిక్ వైపు, చల్లగా ఉంటే లినోలీయిక్ వైపు మొగ్గుతుంది. ఒకే మొక్కలో అడుగున కాసిన గింజకీ కొసన కాసినదానికీ కూడా తేడా ఉంటుంది. వంటింట్లో మీకు ఈ తేడా తెలియదు. ఒమేగా 3 మాత్రం ఏ కాలంలో పండినా నామమాత్రమే.

నువ్వుల నూనె తొందరగా కంపు కొట్టకపోవడానికి సెసమిన్, సెసమోలిన్ అనే లిగ్నాన్లు కారణం. గింజని వేయిస్తే సెసమోలిన్ విడిపోయి సెసమోల్ వస్తుంది, అది ఇంకా గట్టి కాపుదారు. వేయించిన నువ్వుల పొడికి ఆ వాసన, నిలవ రెండూ కాస్త కలిసొస్తాయి. మాడితే మాత్రం చేదు.

మాంసకృత్తుల కోసం నువ్వులు తినొచ్చా?

తినొచ్చు, ఒంటరిగా వద్దు. మాంసకృత్తుల్లో ఉండే అమైనో ఆమ్లాల్లో మెథియోనిన్ నువ్వుల్లో బాగా ఉంటుంది, లైసిన్ తక్కువ. పప్పుల్లో సరిగ్గా దీనికి ఎదురు. కందిపప్పు అన్నంలో నువ్వులపొడి కలుపుకునే మన అలవాటు ఏ పోషకాహార నిపుణుడూ తప్పు పట్టలేనిది.

గానుగ ఆడాక మిగిలే తెలగపిండిని పశువుల దాణా అనుకుని వదిలెయ్యకండి. నూనె పోయాక మాంసకృత్తులు అందులోనే పోగుపడతాయి, మూడో వంతుకి పైగా అవే. మునగాకు వేసి తెలగపిండి కూర వండుకునే ఇళ్ళు ఉత్తరాంధ్రలో ఇప్పటికీ ఉన్నాయి. బాలింతలకి పెట్టేదీ ఇదే. కూరకి వాడే పిండి తాజాగా, కట్టె గానుగ నుంచి వచ్చినదై ఉండాలి. పెద్ద మిల్లుల్లో రసాయనంతో నూనె లాగేసిన పిండి కూరకి పనికిరాదు.

ఆర్గానిక్ నువ్వుల్లో పోషకాలు ఎక్కువా?

ఆ ముద్ర చూసి పోషకాలు ఎక్కువని చెప్పలేం. రకం, కాలం, పొట్టు అంతకంటే పెద్ద తేడా తెస్తాయి. అవశేషాల మాట వేరు, అక్కడ జాగ్రత్త న్యాయమే. 2020లో మన దేశం నుంచి వెళ్ళిన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ అవశేషాలు కనబడి ఐరోపాలో ఎన్నో సరుకుల్ని అంగళ్ళ నుంచి వెనక్కి తీసుకున్నారు. అది చేలో కొట్టిన మందు కాదు, గోదాములో క్రిములు చావడానికి పెట్టే వాయువు. పంట ఎంత శుభ్రంగా పండినా తర్వాత చేతులు మారేచోట పాడయ్యే అవకాశం ఉంది.

సూపర్ మార్కెట్లో హెంప్ గింజలు నువ్వుల కంటే గొప్పవని రాస్తున్నారు. నిజమా? మనం పండించొచ్చా?

గొప్ప, తక్కువ అనలేం, రెండిటి దారులు వేరు. పొట్టు తీసిన హెంప్ గింజలో 100 గ్రాములకి 31 గ్రాముల మాంసకృత్తులు, 49 గ్రాముల కొవ్వు. అందులో నువ్వుల్లో నామమాత్రంగా ఉండే ఒమేగా 3 చెప్పుకోదగ్గంత ఉంటుంది. కాల్షియం 70 మిల్లీగ్రాములే. ఆ గింజకి కూడా ఇక్కడ చెప్పిన సూత్రాలన్నీ వర్తిస్తాయి. రకాన్ని బట్టి ఆమ్లాలు మారతాయి, చల్లని చోట పండితే ఒమేగా 3 పెరుగుతుంది, నత్రజని ఎక్కువైతే నూనె తగ్గుతుంది.

గింజ, దాని నూనె, పిండి ఆహారంగా అమ్మడానికి కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2021లో ప్రమాణాలు పెట్టింది, కొనుక్కోవడం తప్పు కాదు. సాగు మాట వేరు. అది గంజాయి జాతి మొక్కే, మత్తు పదార్థం నామమాత్రంగా ఉండే రకం. 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్.డి.పి.ఎస్.) కింద లైసెన్సు లేకుండా వేస్తే నేరం. 2018లో ఉత్తరాఖండ్ లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టిందని విని ఇక్కడ ప్రయోగాలకి దిగకండి. మన్యం వైపు గంజాయి కేసుల్లో ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో విశాఖ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. చట్టం ఒప్పుకున్నా పొద్దు ఒప్పుకోదు. కెనడా, ఐరోపా రకాల్లో చాలావాటికి పొడుగు పగళ్ళు కావాలి. మన 13 గంటల పగటికి అవి మూరెడైనా పెరక్కుండానే పూతకి వచ్చేస్తాయి.

ఒమేగా 3 కోసమైతే అవిసె గింజలు చవగ్గా దొరుకుతున్నాయి. అరకు వలిసె నూనె కూడా మంచిదేగానీ దానిలో ఉన్నది ఎక్కువగా లినోలీయిక్, దాన్ని ఒమేగా 3 అని అమ్మేవాళ్ళని నమ్మకండి.

సొంత విత్తనం దాచుకోవచ్చా?

దాచుకోవచ్చు. నువ్వు చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది, తేనెటీగల వల్ల కొంత కలుస్తుంది. చేను మధ్యలో తెగులు లేని మొక్కల నుంచి, అడుగు కాయల గింజ తీసుకోండి. మూడు నాలుగేళ్ళకోసారి యలమంచిలి నుంచి కొత్త విత్తనం తెచ్చుకుంటే రకం చెడదు.

కొనేటప్పుడు ఏం చూడాలి? ఎలా నిలవ చెయ్యాలి?

గుప్పెడు తీసుకుని తెల్ల కాగితం మీద పొయ్యండి. సన్నవీ పెద్దవీ కలిసి ఉంటే రెండు పంటలు కలిపారని అర్థం. ఒక గింజని గోటితో కాగితం మీద నొక్కితే నూనె మరక పడాలి. నోట్లో వేసుకుని నమిలితే ఇసుక తగలకూడదు, చేదు ఉండకూడదు. కొద్దిగా నీళ్ళలో వేసి కలిపితే తాలు తేలుతుంది, రాయి అడుగున కూర్చుంటుంది.

మన సముద్రపు గాలికి తేమ ఎక్కువ. రైతు బస్తా కట్టేటప్పుడు గింజలో తేమ 8 శాతం దాటకూడదు. దాటితే బస్తా లోపల వేడి పుట్టి బూజు వాసన వస్తుంది, ఆ నూనె ఎన్ని రోజులు తేరబెట్టినా మంచిది కాదు. ఇంట్లో అయితే ఒక ఎండ చూపించి, పూర్తిగా చల్లారాక గాజు సీసాలో పోసి మూత బిగించండి. పొట్టు తీసినది, పొడి కొట్టినది నెల కంటే ఎక్కువ ఉంచాలంటే ఫ్రిజ్‌లోనే. గింజగా ఉన్నది ఆరు నెలలైనా ఆగుతుంది.

నువ్వులు పడనివాళ్ళుంటారా?

ఉంటారు. దద్దుర్లు, పెదవులు వాయడం, ఊపిరాడకపోవడం దాకా రావచ్చు. అమెరికాలో 2023 జనవరి నుంచి ప్యాకెట్ మీద నువ్వుల పేరు అలర్జీ జాబితాలో రాయడం తప్పనిసరి. పసిపిల్లలకి మొదటిసారి పెట్టేటప్పుడు చిటికెడుతో మొదలుపెట్టండి. ఏదైనా తేడా కనబడితే ఇంటి వైద్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.